బూడిద పునాది

పంతొమ్మిది వందల తొంభై మూడులో మొగిలి బొగ్గుగని పని నుంచి రిటైరయ్యాడు. వానలు పడేలోపు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఉన్నదల్లా గోదావరిఖని అవతల, వాగు పక్క నల్లమట్టి జాగా. అడుగు వేస్తే మడమ దాకా దిగేది. ఒకసారి లేపిన గోడ అప్పటికే కూలింది.

"గిది గూడ కూలితే కిరాయింట్ల బతుకుడు నాతోని కాదు" అని భార్య కనకవ్వ తేల్చి చెప్పింది.

లారీ నడిపే నజీర్ ఉపాయం చెప్పాడు. "పవర్‌హౌస్ బూడిద నేను తెచ్చి పోస్త మొగిలన్నా. సున్నం, మట్టి కలిపి దిమ్మిస కొట్టు, రాయైతది. నీళ్లు మాత్రం ఎక్కువ పొయ్యకు."

తాతకు దగ్గులు నేర్పుతున్నాడనుకున్నాడు మొగిలి. బొగ్గు తీసిన ఖాళీల్లోకి పైపుతో నీళ్లూ ఇసుకా పంపి నింపడమే గనిలో అతని పని. నీళ్లు కారిపోతాయి, ఇసుక గట్టిపడుతుంది. అంతటివాడికి బూడిద ఒక లెక్కా! సున్నం సంచులు పక్కన పడేసి, పునాది గుంతల్లో బూడిద పోసి, పైపుతో నీళ్లు వదిలాడు.

బూడిద అంబలైంది. వారమైనా గట్టిపడలేదు. కనకవ్వ అందులో కర్ర గుచ్చి చూసింది.

"ఇల్లు కడ్తున్నవా, నాట్లేస్తున్నవా?"

మొగిలికి తల కొట్టేసినట్టయింది. సిగ్గు చంపుకుని నజీర్ దగ్గరికి వెళ్లాడు.

"అది గని గాదన్నా! గా నల్లమట్టిల నీళ్లెటు పోతయ్?" అని నజీర్ నవ్వాడు, కానీ మళ్లీ లారీ తెచ్చాడు.

బురదంతా ఎత్తిపోశారు. పొడి బూడిద, సున్నం, మట్టి కలిపారు. ఈసారి బిందె దగ్గరికి మొగిలిని రానివ్వలేదు కనకవ్వ. రొట్టెపిండికి చల్లినట్టు తనే నీళ్లు చల్లింది. పొర మీద పొర వేసి చేతులు బొబ్బలెక్కేదాకా దిమ్మిస కొట్టారు.

తొలి వానకు వాగు పొంగింది. తెల్లారి పునాది నిలిచిందో లేదోనని ఇద్దరూ వెళ్లారు. చుట్టూ బురద, పునాది మాత్రం చెక్కుచెదరలేదు. మొగిలి గడ్డపారతో అడుగడుగునా కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. అంతటా ఖంగుమంది.

"కండ్లకు కనవడ్తనే ఉన్నది గద. ఇనుడేంది?" అని నవ్వింది కనకవ్వ.

"గనిల పైకప్పును గిట్లనే కొట్టి ఇంటం. బోలు చప్పుడైతే మీద కూలుతదని లెక్క, ఇగ ఉరుకుడే."

కనకవ్వ నవ్వు ఆగిపోయింది. ఈ మాట అతను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

"ఇన్నేండ్లు దినాం గట్ల ఇనుకుంటనే పని జేసినవా?"

మొగిలి తలూపాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు. అతని చేతిలోని గడ్డపార గుంజుకుని అవతల పడేసింది.

"ఇగ సాలు. కూసో" అంది.