డాక్టరమ్మ బోర్డు

నేను బోర్డులు రాసేవాణ్ణి. ముప్ఫై ఏళ్లలో ఒక్క బోర్డు మీద కూడా చివరి అక్షరాలు ఇరుకున పడలేదు. కుంచె ముంచే ముందే అక్షరాలు లెక్కపెట్టుకోవాలి, రేకు వెడల్పు కొలుచుకోవాలి, సుద్ద రాసిన దారంతో గీత కొట్టుకోవాలి. ఇవేవీ చేయని తొందరపాటు మనిషి మొదట్లో బారెడు అక్షరాలు రాసేసి, చివరికొచ్చేసరికి చీమల్ని పేర్చినట్టు పేరుస్తాడు. అలాంటివాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పని నేనూ చేశాను, అదీ నా కన్నకూతురి విషయంలో.

అది సైకాలజీలో డిగ్రీ చేస్తానంది. మూడేళ్ల చదువు, బ్యాంకు అప్పు, హామీగా నా సంతకం. కాలేజీలో చేరిన రోజే దానికి బోర్డు రాసేశాను. తెల్ల రేకు మీద ఎర్ర రంగుతో దాని పేరు, కింద సైకాలజిస్ట్ అని. ఆ రోజు నుంచే డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. వీధి వీధంతా అందుకుంది. అది మాత్రం ఆ బోర్డును గోడవైపు తిప్పి పెట్టింది.

డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది, ఈ మూడేళ్ల చదువు గుమ్మం వరకేనని. లోపలికి అడుగు పెట్టాలంటే ఇంకో రెండేళ్లు చదవాలి. అంతవరకు సైకాలజిస్ట్ అని రాసుకునే హక్కే లేదు. ఈ సంగతి అది నాకు ముందే చెప్పిందట. నేను నిచ్చెన మీద ఉండి "ఊఁ" అన్నానట. అని ఉంటాను, నా బుద్ధి నాకు తెలీదా!

ఈలోగా దానికి ఉద్యోగం దొరికింది. వాషింగ్ మెషీన్ల కంపెనీ తరఫున ఫోన్లో ఫిర్యాదులు వినడం. మనుషుల మనసు బాగుచేస్తావనుకుంటే మెషీన్ల కడుపునొప్పి వింటున్నావా అని వెక్కిరించాను. అది నవ్వేసింది.

ఒక సాయంత్రం నా ముందు ఒక కాగితం పెట్టింది. రెండేళ్ల చదువుకు సీటొచ్చింది. ఇప్పుడొచ్చే జీతం పద్దెనిమిది వేలు, అందులో పాత అప్పు కంతుకే ఆరున్నర వేలు పోతుంది. చదువుకెళితే రెండేళ్లు జీతం ఉండదు, అప్పు రెండింతలవుతుంది. ఆ తర్వాత మొదటి జీతం పాతిక వేలు. అన్నీ దాచకుండా రాసింది. అడుగున నా సంపాదన కూడా రాసింది, ఏటేటా ఎంత తగ్గుతోందో అంతా. అచ్చు బ్యానర్లు వచ్చాక నా కుంచెకు గిరాకీ ఎక్కడిది?

"నాకు ముప్ఫై ఆరేళ్లు వచ్చేసరికి మొత్తం తీరిపోతుంది నాన్నా. శుక్రవారం లోపల నీ సంతకం కావాలి" అంది.

నా కళ్లు ఆ అడుగు అంకె మీదే నిలిచిపోయాయి. నా చేతకానితనాన్ని నా కూతురి దస్తూరీలో చూసుకునేసరికి రోషం తన్నుకొచ్చింది.

"గోరంత జీతానికి కొండంత అప్పా? నావల్ల కాదు" అన్నాను.

అది కాగితం మడిచి లోపల పెట్టేసుకుంది. దాని లెక్కలో తప్పేం లేదని చెప్పి నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. శుక్రవారం వచ్చింది, పోయింది. నేను మెట్టు దిగలేదు.

సోమవారం అది ఇంట్లోంచే పనిచేస్తోంది. నేను వరండాలో రేకుకు పూత వేస్తున్నాను. కిటికీలోంచి దాని మాటలు, స్పీకర్లో అవతలివాళ్ల మాటలు వినపడుతున్నాయి. అవతల ఎవరో పెద్దాయన. ఆయన మెషీన్‌కు ఏ జబ్బూ లేదు. భార్య పోయి పది రోజులైంది, ఆవిడ వేసిన బట్టలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఏ బటన్ నొక్కాలో ఆయనకు తెలీదు, నొక్కాలనీ లేదు.

"తొందరేం లేదండీ. అందులో ఆవిడవి ఏమేం ఉన్నాయో చెప్పండి, వింటాను" అంది నా కూతురు.

నలభై నిమిషాలు వింది. ఫోన్ పెట్టగానే పైఅధికారి చీవాట్లు. ఒక్కో కాల్ ఆరు నిమిషాలు దాటకూడదట, ఆ రోజు బోనస్ కోసేశారు. సారీ చెప్పి ఇంకో కాల్ అందుకుంది. నా చేతిలో కుంచె ఎండిపోయింది. ఇంత విద్య ఉన్న పిల్లనా నేను ఆపింది అని నాకు సిగ్గేసింది.

అన్నం వేళకు అడిగాను. "ఆ కాగితం ఇటు తేవే, సంతకం పెడతాను."

"సీటు వేరేవాళ్లకు ఇచ్చేశారు నాన్నా. శనివారం నేను కంపెనీకి రాసిచ్చేశాను, మూడేళ్లు ఉద్యోగం మాననని. రెండు వేలు పెంచారు."

నిష్ఠూరంగా అనలేదు. నాలుగు మాటలు అని ఉంటే నా ప్రాణం కుదుటపడేది. చేయి కడుక్కుని వెళ్లి, గోడవైపు ఉన్న బోర్డు తెచ్చి నా ముందు పెట్టింది.

"రేకు మంచిది, వృథా ఎందుకు? మొన్న బోర్డు అడిగిన చెప్పుల షాపాయనకు రాసివ్వు" అంది. రేకు మీది దుమ్ము తుడుస్తూ, "ఇక నన్ను డాక్టరమ్మా అనకు నాన్నా. ఎవరైనా అలా పిలిస్తే తిరిగి చూడాలో వద్దో తెలియడం లేదు" అంది.

తెల్లరంగు వేశాను. ఎరుపు మీద తెలుపు అంత తేలిగ్గా నిలవదు. మర్నాటికి అక్షరాలు లేత గులాబీ రంగులో పైకి తేలాయి. రెండో పూత వేశాను, మూడో పూత వేశాను.

ఆ పైన చెప్పుల షాపు అక్షరాలు లెక్కపెట్టాను, రేకు కొలిచాను. సుద్దదారం రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. చిన్నప్పటి నుంచీ అదే పట్టుకునేది. ఆ రోజూ వచ్చి పట్టుకుంది. గీత కొట్టాను.

"సరిగ్గా వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది నాన్నా" అంది.

లోపల ఫోన్ మోగింది. దారం కొస నా చేతిలో పెట్టి వెళ్లింది.

"నమస్కారమండీ, మీ మెషీన్‌కు ఏమైందో చెప్పండి" అంటోంది. నేను కుంచె పక్కన పెట్టి, చప్పుడు కాకుండా ఏడ్చాను.