మా పడకగదిలో రికార్డింగ్

మా ఆయన మా పడకగదిలో ఇంకొకావిడతో తన ప్రేమ చెప్పుకుంటున్నారు. ఆ మాటలు స్పష్టంగా వినపడాలని నేను వంటింట్లో కుక్కర్ కట్టేసి, ఫ్యాన్ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి చెమటలు కక్కుతూ నిలబడ్డాను. భర్తకి ఇంతకన్నా సహకరించిన ఇల్లాలు ఎక్కడైనా ఉంటే చూపించండి, వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను.

ప్రేమ ఇంగ్లీషులోనే లెండి. కాలేజీ పిల్లలకి పాఠంగా పెట్టిన పాత నవల. అందులో నాయకుడు మూడు సంపుటాల పొడుగునా నాయికని ప్రేమిస్తాడు కానీ ఒక్క ముక్క పైకి అనడు. వాన పడుతుంది, గుర్రబ్బండ్లు వస్తాయి పోతాయి, ఎవరికో జ్వరం తగులుతుంది, ఈయన మాత్రం నోరు విప్పడు. ఆఖరి అధ్యాయంలో విప్పుతాడు. ఆ ఆఖరి అధ్యాయమే ఇప్పుడు నా బట్టల బీరువా ముందు నడుస్తోంది.

మా ఆయన ఇంగ్లీషు లెక్చరర్. పెళ్లయిన దగ్గర్నుంచీ మాకో అలవాటు. మర్నాడు చెప్పబోయే పాఠాన్ని ముందు రోజు సాయంత్రం వంటింట్లో స్టూలు మీద కూర్చుని నాకు చదివి వినిపించేవారు. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. నేనూ ఆ సాహిత్యంలోనే డిగ్రీ పుచ్చుకున్నాను. పట్టా అల్మారాలో ఉంది, చదువు ఉల్లిపాయల దగ్గర ఉపయోగపడుతోంది. "ఇదిగో, ఇక్కడ పిల్లలు నిద్రపోతారు" అనేదాన్ని. ఆయన అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టుకునేవారు. మా ఇంట్లో పుస్తకాల నిండా ఆ గీతలే. నాకు చెప్పుకోదగ్గ నగలేమీ లేవు, ఆ గీతలున్నాయి.

అలాంటిది ఈ ఏడాది కాలేజీకి ఒక కొత్త లెక్చరర్ వచ్చింది. ఎప్పుడు చూసినా మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతుంది కాబట్టి ఆవిడకి హెడ్‌ఫోనమ్మ అని నేనే పేరు పెట్టుకున్నాను. ఆవిడ క్లాసులో పుస్తకం చదవదట. ఒకే సన్నివేశాన్ని రెండు వేర్వేరు సినిమాల్లోంచి తీసి, బొమ్మ కనపడకుండా మాటలు మాత్రం వినిపిస్తుందట. "వీళ్లిద్దర్లో మన పుస్తకంలో మనిషి ఎవరు?" అని అడుగుతుందట. పిల్లలు పోట్లాడుకుని, నెగ్గడం కోసం పుస్తకాలు తెరుస్తారట.

"సినిమాలేసి జీతం తీసుకుంటోంది" అని మొదటి వారం మా ఆయన మండిపడ్డారు. నా ప్రాణానికి ఎంతో హాయిగా అనిపించింది. రెండో వారం ఆవిడ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని వచ్చారు. ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని, పుస్తకం తెరవకుండానే, "మనం ఇన్నాళ్లూ చెవుల్ని సరిగా వాడుకోలేదోయ్" అన్నారు.

"మీ సంగతేమో గానీ, నావి బాగానే వాడారు" అన్నాను.

ఆయనకది వినపడలేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి నవలని తమ గొంతులతో రికార్డు చేసి పిల్లలకి వినిపించాలని తీర్మానించారు. కాలేజీలో చేద్దామంటే గంటలూ, స్కూటర్లూ. "బట్టలు నిండుగా ఉన్న చిన్న గది కావాలి సార్, గుడ్డ శబ్దాన్ని పీల్చేస్తుంది. మీ ఇంట్లో ఉందా?" అని అడిగిందట ఆవిడ. ఇన్నేళ్లుగా 'ఇన్ని బట్టలెందుకు' అని సణిగిన మనిషి, 'మా ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి' అని గర్వంగా చెప్పి వచ్చారు.

ఆవిడ వచ్చింది. నా బీరువా తలుపులు బార్లా తెరిచింది. మంచం మీది పరుపు లేపి గోడకి ఆనించింది. మైకు పెట్టడానికి తగిన ఎత్తు కోసం ఇల్లంతా చూసి, వంటింట్లోంచి స్టూలు పట్టుకుపోయింది.

"మీ బట్టలు అద్భుతం ఆంటీ! ఒక్క ప్రతిధ్వని లేదు" అంది.

ఆంటీ! ఆయన సార్, నేను ఆంటీ. ఆయన కన్నా ఆరేళ్లు చిన్నదాన్ని.

మా అత్తయ్య హాల్లో సోఫా మీద గళ్లనుడికట్టు నింపుకుంటూ ఇదంతా గమనిస్తూనే ఉన్నారు.

"ఏమే కోడలా, లోపల మాట్లాడేది మనవాడేనా? ఇంత మెత్తటి గొంతు వాడికెక్కడిదే?"

"పుస్తకంలోది అత్తయ్యా."

"అనుకున్నాలే. పెళ్లయిన కొత్తలో కూడా వాడు నీతో ఇలా మాట్లాడగా వినలేదు."

ఇంతలో రికార్డింగ్ మొదలైంది, పిల్లల్ని ఊరించడానికి ముందుగా ఆఖరి అధ్యాయంతోనే. తలుపు ఓరగా ఉంది. 'మీ ముందు నిలబడితే నాకు మాటలు రావు' అంటున్నాడు నాయకుడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి ఆయనకి నా ముందు ఎన్నడూ మాటల కరువు రాలేదు. నా చేతిలో స్టీలు పళ్లెం ఉంది. చెయ్యి జారింది. తనంతట తానే జారిందని నేననను.

"అయ్యయ్యో, ఏమీ అనుకోకండి" అన్నాను.

"పర్లేదాంటీ! సార్, మళ్లీ మొదట్నుంచి. ఈసారి ఇంకొంచెం ఆర్తిగా" అంది హెడ్‌ఫోనమ్మ.

అక్కడే నా తెలివి తెల్లారింది. పళ్లెం పడితే ఆగిపోతుందనుకున్న ప్రేమ మళ్లీ మొదట్నుంచి వస్తోంది. గరిటె పడేశాను, మళ్లీ వచ్చింది. దగ్గాను, మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మా ఆయన గొంతు ఇంకాస్త కరుగుతోంది. నా మొగుడి చేత ఇంకొకావిడకి ప్రేమ చెప్పడం నేనే చేజేతులా సాధన చేయిస్తున్నాను.

"ఇంకోటి పడేయకే, ఈసారి ఏడ్చేస్తాడు" అన్నారు అత్తయ్య.

చేతిలోవన్నీ కింద పెట్టేసి తలుపు దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. మా ఆయన కళ్లు మూసుకుని, 'ఈ మాట చెప్పాలని ఎన్నాళ్లుగానో...' అంటున్నారు. ఎదురుగా ఆవిడ నిట్టూరుస్తోంది. నేను చూసింది వాళ్లిద్దర్నీ కాదు. స్టూలుని. దాని మీద మైకు దర్జాగా కూర్చుంది, ఆయన దానికి చదివి వినిపిస్తున్నారు. చేతిలో పెన్సిలు కూడా లేదు. కడుపు భగ్గుమంది.

"ఎన్నాళ్లుగానో అట! మూడు సంపుటాలూ ఏం చేశావు నాయనా, గుర్రాలకి గడ్డి వేశావా? ఆ పిల్ల కాబట్టి ఇంకా నిలబడి వింటోంది. నేనైతే దీపం ఆర్పేసి పడుకునేదాన్ని" అని గొణిగాను.

నాలో నేనే అనుకున్నానని నా ఉద్దేశం. మైకు అలా అనుకోలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చారు. వెనకే హెడ్‌ఫోనమ్మ.

"నీ గొణుగుడు రికార్డయింది. క్లాసు క్లాసంతా విన్నారు" అన్నారాయన.

నేను ఆవిడ వైపు తిరిగాను. "ముందే విని తీసేయొచ్చుగా?"

"విన్నాను. కావాలనే ఉంచాను" అంది ఆవిడ. "సార్ గొంతు వస్తున్నంతసేపూ బుద్ధిగా విన్నారు. మీది రాగానే పడీ పడీ నవ్వారు. ఒకమ్మాయి లేచి, 'మేడమ్, ఈ నవల రాసినావిడ కూడా వీణ్ణి చూసి నవ్వుతోందా?' అని అడిగింది. అందరూ పుస్తకాలు తెరిచారు. రాసినావిడ మర్యాదగా అన్నదీ, మీరు అమర్యాదగా అన్నదీ ఒకటే!"

"రచయిత్రి వ్యంగ్యం అని ఏటా బోర్డు మీద రాస్తున్నాను" అన్నారు మా ఆయన గోడతో.

"రాస్తారు సార్. వాళ్లు నోట్సులోకి ఎక్కించుకుంటారు, అంతే." ఆవిడ నా వైపు తిరిగింది. "మా దగ్గర అతని గొంతుంది, ఆమె గొంతుంది. ఇద్దర్నీ చూసి నవ్వే గొంతు లేదు. కథ చెప్పే భాగాలన్నీ మీరే చదవాలి. ఇంగ్లీషులోనే, కానీ ఆ గొణుగుడు పోకుండా."

నేనంత తేలిగ్గా దిగివస్తానా! "ఆంటీలు చదివితే పిల్లలు వింటారా?"

ఆవిడ నాలిక కరుచుకుంది. "సారీ అక్కా. 'మా ఆవిడైతే ఇక్కడ నిద్రపోతారంటుంది' అని సార్ ప్రతి పేజీకీ అంటుంటే పెద్దావిడేమో అనుకున్నాను. నిజం చెప్పనా? నాకు ఒళ్లు మండేది. నేను కష్టపడి సినిమా ముక్కలు కత్తిరించి తెస్తే, 'మా ఆవిడకి నచ్చదు' అనేస్తారు. ఎవరబ్బా ఈ మా ఆవిడ, ఒకసారి చూడాలి అనే మీ ఇంట్లో చోటడిగాను. కాలేజీ స్టోర్ రూములో తెరలు కట్టుకున్నా సరిపోయేది."

కడుపుమంట అవతల కూడా ఉందని తెలిస్తే ఇవతల ఎంత చల్లబడుతుందో! "నిలబడే ఉన్నావేం, కూర్చో" అన్నాను. "చదువుతాను. కానీ ఆ స్టూలు నాది. మైకుకి ఇంకేదైనా చూసుకోండి."

అప్పట్నుంచి సాయంత్రాలు తిరగబడ్డాయి. నేను స్టూలు మీద కూర్చుని మర్నాటి భాగం చదువుతాను, ఆయన కూరలు తరుగుతారు. చెవి మీద పెన్సిలు ఉంటుంది.

"ఇదిగో, ఇక్కడ పిల్లలు నిద్రపోతారు" అన్నారు నిన్న, ఆశగా.

"అక్కడ మాట్లాడేది మీరు" అన్నాను. పెన్సిలు మళ్లీ చెవి మీదకి వెళ్లింది.

"క్లాసులో అందరూ 'నవ్వే మేడమ్ మళ్లీ ఎప్పుడు' అనేవాళ్లే. నా గొంతు గురించి ఒక్కరూ అడగరు" అన్నారు అన్నం దగ్గర.

"నీ గొంతు మేం రోజూ వింటున్నాం కదరా" అన్నారు అత్తయ్య.

ఇవాళ పొద్దున మళ్లీ రికార్డింగ్. నేను బీరువా ముందు స్టూలు మీద. మైకు నిఘంటువుల దొంతర మీద. ఈ అధ్యాయంలో నాయకుడు లేడు, ఊరెళ్లాడు. అందుకని మా ఆయన కుక్కర్ కట్టేసి, ఫ్యాన్ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి వంటింట్లో కాపలా ఉన్నారు. నేను చదువుతున్నాను. హెడ్‌ఫోనమ్మ రెండు చెవులూ మూసుకుని, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటోంది. మంచి పట్టులో ఉండగా వంటింట్లో ఖణేల్మని పళ్లెం పడింది.

"చెయ్యి జారింది!" అని వినపడింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పళ్లేలు ఎలా జారతాయో నాకన్నా తెలిసినవాళ్లెవరు!

"పర్లేదండీ" అన్నాను గట్టిగా. "మళ్లీ మొదట్నుంచి చదువుతాను. ఈసారి ఇంకొంచెం తీరిగ్గా. మీరు మాత్రం ఆ ఫ్యాన్ వేయకండి."