నన్ను నాతోనే కొలిచారు

నేను ఒక ముళ్లు లేని గడియారాన్ని. అంకెలు లేవు, గంట కొట్టను. చూడటానికి టిఫిన్ డబ్బా అంత నల్లటి లోహపు పెట్టెను, అంతే. నన్ను చూసి టైమెంతో ఎవరూ చెప్పలేరు. కానీ సెకనుకు కోటిసార్లు కంపించమంటే కోటిసార్లే కంపిస్తాను. మీ చేతి గడియారం తప్పితే మీకు బస్సు తప్పిపోతుంది. నేను తప్పితే ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ.

నా లోపల చిటికెన వేలి కొనంత గాజు బుడ్డి ఉంది. అందులో రుబీడియం అనే లోహం, ఆవగింజలో సగం కూడా ఉండదు. కరెంటు తగిలితే ఆ బుడ్డి వేడెక్కి ఊదారంగులో వెలుగుతుంది. ఆ వెలుగును ఆధారం చేసుకుని నాలోని స్ఫటికం తన వేగాన్ని దిద్దుకుంటుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాడే మనిషి లాగా అనుకోండి. శ్రుతి మోగుతున్నంతసేపూ గొంతు తప్పదు. శ్రుతి ఆగిపోతే గొంతు ఎటు పోతోందో పాడేవాడికే తెలియదు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను వేడిలో ఉంచారు, చలిలో ఉంచారు, కుదిపారు, వణికించారు. అన్నిటికీ నిలబడ్డాక ఓడెక్కించారు. ఒక టెలిఫోన్ కంపెనీ నన్ను కొండ మీది టవర్ గదిలో బిగించింది. చుట్టుపక్కల టవర్లన్నీ నా తాళానికే నడిచేవి. జనం ఆ ఫోన్లలో పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నారు, పోట్లాడుకున్నారు, లేని జ్వరాలు చెప్పి సెలవులు పెట్టారు. ఆ అబద్ధాలు కూడా అక్షరం చెదరకుండా చేరాయంటే నా చలవే.

కొత్త యంత్రాలు రాగానే నన్ను పాత ఇనుముతో కలిపి తూకానికి అమ్మేశారు. హైదరాబాద్‌లో జహంగీర్ అనే తుక్కు వ్యాపారి చేతిలో పడ్డాను. అతను నా తీగలను ప్లయర్‌తో కత్తిరించాడు. అందులో ఒకటి, నేను శ్రుతిలో ఉన్నానో లేదో బయటికి చెప్పే తీగ. దాంతో నా నోరు పోయింది. గాలికి కొట్టుకుంటున్న దుకాణం తలుపుకు నన్ను అడ్డం పెట్టాడు. ఒక వానాకాలమంతా తలుపు ఆపాను. ఆ పని కూడా తప్పకుండానే చేశాను.

అక్కడికి వచ్చింది భ్రమరాంబ. కాకినాడ మనిషి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే టీచరు, సరదాకి ఇంట్లోనే రేడియో స్టేషన్ పెట్టుకుని దూరాలతో మాట్లాడే హామ్ ఆపరేటరు. వంగి, కొంగుతో నా మీది దుమ్ము తుడిచి, పేరు చదివి, రెండు చేతులా ఎత్తుకుంది.

ఇదేందక్కా అని జహంగీర్ అడిగాడు. గడియారమని చెప్పింది.

"గడియారమైతే టైమెంతైందో చెప్పమనక్కా."

"ఇది చెప్పదు తమ్ముడూ. చెప్పేవాళ్లని సరిచేస్తుంది."

అతను నవ్వాడు. తలుపుకు మరో ఇనుప ముక్క వెతుక్కున్నాడు. నేను కాకినాడ రైలెక్కాను.

ఆమెకు నాతో పనేమిటో రైల్లోనే తెలిసింది. దారి పొడుగునా తన అన్న వెంకటరత్నంతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఆయన బళ్లారిలో ఉంటాడు. ఆయనా హామే. చిన్నప్పుడు చెల్లెలికి చుక్కలూ గీతలూ కలిసిన మోర్స్ భాష నేర్పింది ఆయనే. ఇద్దరూ మేడల మీద పెద్ద పెద్ద డిష్‌లు కట్టుకుని, ఒకరి సంకేతాన్ని చంద్రుడి మీదికి కొట్టి, అక్కడినుంచి తిరిగొచ్చిన దాన్ని రెండోవాళ్లు వినాలని ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ఒక్కసారీ కుదరలేదు. ఆ సంగతి ఎక్కడ మాట్లాడుకుంటున్నారు? ఫోన్లో, స్పష్టంగా, ఒక్క మాటా పోకుండా. మనుషుల లెక్కలు నాకు అర్థం కావు.

కానీ ఈసారి తొందరకు కారణం ఉంది. వెంకటరత్నానికి ఒక చెవి ఇదివరకే పోయింది. రెండో చెవి వెనక గడ్డ లేచింది. గురువారం బెంగళూరులో ఆపరేషన్. గడ్డ పోతుంది గానీ వినికిడి మిగలకపోవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. అంటే చెల్లెలి సంకేతాన్ని చంద్రుడి మీదుగా తన చెవితో వినాలంటే ఆయనకు ఆ నాలుగైదు రోజులే ఉన్నాయి.

చంద్రుడి దాకా పోయి వచ్చేసరికి సంకేతం దాదాపు ఏమీ మిగలదు. చీమ అడుగుల చప్పుడంత. ఏ జాగాలో, అంటే సెకనుకు ఎన్ని కంపనాల దగ్గర, వినాలో కచ్చితంగా తెలిస్తేనే దొరుకుతుంది. వెంకటరత్నం యంత్రం నిలకడైనదే గానీ, భ్రమరాంబ పాత యంత్రం ఎండకు ఒక జాగాలో, నీడకు ఒక జాగాలో పాడేది. అందుకే నేను కావలసి వచ్చాను. నా కోటి కంపనాలను నూట ముప్పై రెట్లు చేసి ఆమె చంద్రుడి మీదికి పంపుతుంది. నాలో వెంట్రుకవాసి తేడా అక్కడ నూట ముప్పై వాసులవుతుంది.

ఇల్లు చేరగానే నన్ను లావుపాటి అల్యూమినియం పలకకు బిగించింది. కరెంటిచ్చింది. నేను వేడెక్కాను. ఆమె భర్త వీర్రాజుకు రెండు లారీలున్నాయి. ఆయన వచ్చి నా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఏంటే ఇది, ఇస్త్రీపెట్టా?"

"అణు గడియారమండి."

"ఆయ్. మీ అన్నకి ఫోన్ కొట్టడానికి అణువులు కూడా కావాల్సొచ్చాయన్నమాట."

ఆమె పట్టించుకోలేదు. కంపనాలు లెక్కపెట్టే కౌంటర్ ఒకటి ఆమె దగ్గర ఉంది. ఏ కౌంటరైనా తన లోపలి గడియారంతో లెక్కపెడుతుంది. అది నాసిరకమైతే లెక్కా నాసిరకమే. కాబట్టి ముందు దానికి బయటినుంచి మంచి గడియారాన్ని తగిలించాలి. ఏళ్లుగా ఆమె పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఇదే. ఇంట్లో ఉన్న గడియారాల్లో నాకన్నా మంచిది లేదు. అందుకని అలవాటు చొప్పున నన్నే తగిలించింది. తర్వాత అదే కౌంటర్‌తో నన్ను కొలిచింది.

అంకెలు వెలిగాయి. ఒకటి, దాని పక్కన అన్నీ సున్నాలు. చివరి సున్నా దాకా ఒక్కటీ కదలలేదు.

ఆమె మొహం చూడాల్సింది. అన్నకు ఫోన్ చేసి, ఇలాంటి గడియారం జన్మలో చూడలేదంది. వీర్రాజు మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్ది తెచ్చి పెట్టాడు. నాకు చెప్పే నోరుంటే ఆ పండగ చెడగొట్టేవాణ్ణే. నా గాజు బుడ్డి వెలగడం లేదు. తుక్కు దుకాణంలో ఎటుపడితే అటు పడి ఉండి, లోపలి రుబీడియం వెళ్లి బుడ్డి ముందువైపు గాజుకు అంటుకుపోయింది. శ్రుతి లేకుండా నా స్ఫటికం పైకీ కిందికీ ఊగుతూ వెతుక్కుంటోంది. ఆ ఊగే కొలబద్దతోనే ఊగే నన్ను కొలిచారు. తేడా ఎలా కనిపిస్తుంది? మనుషులు తమ గురించి తామే చెప్పుకునే మంచి మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ సున్నాలు గుర్తొస్తాయి.

ఆదివారం మధ్యాహ్నం చంద్రుడు లేచాడు. పగలు కూడా లేస్తాడు, మీరు చూడరు గానీ. ఆమె డిష్ తిప్పింది. వాళ్ల నియమం ఏమిటంటే, ఒక గంటసేపు ఇద్దరిలో ఎవరూ ఫోన్ ముట్టుకోకూడదు. వినపడుతోందా అని అడక్కూడదు. ఆకాశం చెప్పిందే సమాధానం. ఆమె చుక్కలూ గీతలూ కొట్టింది. క్షణాల తర్వాత చంద్రుడిని తాకి వచ్చిన తన ప్రతిధ్వని తనకే వినిపించింది. ఆమె పంపడమూ నాతోనే, వినడమూ నాతోనే. ఇంకా వినపడకేం చేస్తుంది?

గంట దాటాక ఫోన్ మోగింది. వెంకటరత్నం గొంతు నెమ్మదిగా ఉంది. ఏమీ లేదమ్మా, ఒట్టి హోరు అన్నాడు. నా చెవే అయి ఉంటుందిలే అన్నాడు. ఆపరేషన్ కోసం ఆయన బుధవారం బయల్దేరాలి. సోమవారమంతా ఆయనకు డాక్టర్ల పరీక్షలతోనే సరి, మిగిలింది మంగళవారం ఒక్కటే.

"మీ అన్న చెవి తప్పయితే ఇక మనం చేసేదేముంది, వదిలెయ్యి" అన్నాడు వీర్రాజు. మంచి మాటగానే అన్నాడు.

"మా అన్న చెవి తప్పని నేనొప్పుకోను. ఇక్కడే ఏదో ఉంది."

ఆమె అన్నీ ఆపేసింది. మొదటినుంచి చూసుకుంటూ వచ్చింది. డిష్, కేబుళ్లు, యాంప్లిఫయరు. చివరికి నా దగ్గరికొచ్చింది. నన్ను పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ కరెంటిచ్చి, కౌంటర్ వైపు చూసింది.

ఇచ్చీ ఇవ్వగానే ఒకటీ, అన్నీ సున్నాలూ.

ఆమె కుర్చీలోంచి లేచింది. నాలాంటి గడియారం వేడెక్కి కుదుటపడటానికి నిమిషాలు పడుతుంది. చల్లటి నేను మొదటి క్షణంలోనే సున్నాలు ఎలా చూపిస్తాను? ఆమె వేలు కేబుల్ బిగించిన నా ముక్కు దగ్గర బయల్దేరి కేబుల్ మీద నడిచింది. కేబుల్ ఒకచోట రెండుగా చీలింది. రెండు పాయలూ వెళ్లి ఒకే కౌంటర్‌లోకి దూరాయి.

నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఏమైందని వీర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"నన్ను నేనే అడిగి, నేనే బాగున్నానని చెప్పుకున్నానండి."

"దానికి ఇంత చదువెందుకు, మా లారీ ఓనర్లందరం రోజూ చేసేదదే" అన్నాడాయన.

ఇప్పుడు బయటి సాక్షి కావాలి. ఉపగ్రహాల టైము చెప్పే జీపీఎస్ పెట్టె ఒకటి వీర్రాజు లారీలోనే ఉంది. అడిగితే ఇవ్వడని అడక్కుండా విప్పింది. పెట్టె ఊడటంతో లారీ ఎక్కడుందో తెలియక ఆయన డ్రైవర్‌ను ఫోన్లో తిడుతుంటే, లారీ ఇంటి ముందే ఉందని ఆమె కిటికీలోంచి చెప్పింది. ఆ పెట్టె ఇచ్చే సెకన్లతో కొలిచేసరికి నా బండారం బయటపడింది. అంకెలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి, ఎక్కడా నిలవడం లేదు.

నా మూత విప్పింది. లోపల చీకటి. ఊదా వెలుగు లేదు. గాజు బుడ్డిని పట్టకారుతో బయటికి తీసి వెలుతురుకు పట్టుకుంది. ఆ గాజు మీద వెండి పొరలా అంటుకున్న రుబీడియం కనిపించింది. వేడిగాలి గన్‌తో బుడ్డిని ఆ వైపు కాల్చి, ఆ లోహాన్ని కరిగించి రెండో వైపుకు తరమాలి. వేడి తక్కువైతే కదలదు. ఎక్కువైతే గాజు పగులుతుంది. పగిలితే నేను లేను. ఇంకో బుడ్డి ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలియదు.

వీర్రాజు ఈసారి ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేశాడు. గాలి తగలకూడదని కిటికీలు మూసేశాడు. ఆమె బుడ్డిని నెమ్మదిగా తిప్పుతూ కాల్చింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వెండి పొర కాస్త వణికింది. పలచబడింది. అంచుకు జరిగి, మాయమై, అడుగున చిన్న బొట్టులా చేరింది.

మళ్లీ బిగించి కరెంటిచ్చాక చాలాసేపు ఏమీ జరగలేదు. ఊగుతూనే ఉన్నాను. తర్వాత ఊదా వెలుగు వచ్చింది. నా లోపలి వెతుకులాట ఒక్కసారిగా ఆగింది. కౌంటర్‌లో అంకెలు దిగుతూ దిగుతూ ఒకచోట కాళ్లు పాతుకుని నిలబడ్డాయి. అన్నీ సున్నాలు కావు. చివర్లో చిన్న తేడా ఉంది. ఆ తేడా చూసి ఆమె తృప్తిగా తలూపింది. నా పక్కనున్న మరను కొద్దిగా తిప్పి సరిచేసింది.

మంగళవారం మధ్యాహ్నం. అదే చంద్రుడు, అదే నియమం. ఫోన్ రెండోగదిలో పెట్టి తలుపేసింది. పంపడం, ఆగి వినడం, మళ్లీ పంపడం. పేరు, వినపడిందన్న గుర్తు, అందిందన్న జవాబు. ఇవి అటూ ఇటూ చేరితేనే మాట్లాడుకున్నట్టు లెక్క. గంటలో సగం పైగా హోరే. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు.

అప్పుడు హోరులో ఒక సన్నటి ఈల. చుక్క, గీత, చుక్క. ముందు ఆమె పేరు. తర్వాత వినపడిందన్న గుర్తు. వెంకటరత్నం తన చెవితో విన్నాడు. ఆమె జవాబు కొట్టింది. ఆయన జవాబు వచ్చింది. గది గుమ్మంలో నిలబడ్డ వీర్రాజు, అర్థం కాకపోయినా, లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

గురువారం ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ పోయింది. వినికిడీ పోయింది.

ఇక నన్ను అటక ఎక్కిస్తారనుకున్నాను. కొన్ని వారాల తర్వాత వెంకటరత్నం నుంచి ఫోన్‌కు సందేశం వచ్చింది. సన్నటి ఈల తనకిక పనికిరాదని, లావుపాటి గొంతు అయితే స్పీకర్ మీద వేలు పెట్టి పట్టుకోగలనని రాశాడు. ఈలను అంత కిందికి దించితే, కాస్త అటూ ఇటూ అయినా వేలికి ఏమీ తెలియదట. అంటే నేను ఇదివరకటికన్నా గట్టిగా నిలబడాలి. ఆమె నా పలకకు ఇంకో లావుపాటి పలక జతచేసింది. లారీ పెట్టెతో మళ్లీ కొలిచింది. వీర్రాజు ఆ లారీకి కొత్తది కొనుక్కున్నాడు.

చంద్రుడు లేచాక ఆమె తన పేరు కొట్టింది. బళ్లారిలో ఒక మనిషి స్పీకర్ మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుని ఉంటాడు. చాలాసేపటికి జవాబు వచ్చింది. ముందు పేరు, తర్వాత గుర్తు, ఆ తర్వాత నియమంలో లేని మాటొకటి.

తొందరెందుకే.

ఆమె కళ్లు తుడుచుకుని, చెయ్యి దులుపుకుని, మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా.