స్పంజి గిన్నె

గిన్నె నిండా పోస్తే స్పంజి తేలుతుంది. తేలితే వేలు ఆనించగానే పక్కకు జారిపోతుంది. తక్కువ పోస్తే మధ్యాహ్నానికే ఎండి కూర్చుంటుంది. అందుకని తేమగారు కూజా వంచి, గుండ్రటి గాజుగిన్నెలో నీళ్ళు స్పంజి నడుము దాకా వచ్చేట్టు పోశాడు. గిన్నె అడుగున అంటిన తడిని చేతిరుమాలుతో తుడిచి, టైపు మిషనుకు కుడిపక్కన దాని చోట దాన్ని పెట్టాడు. ఆఫీసుకు ఇంకా ఎవరూ రాలేదు. వరండాలో ఆఫీసు ఊడ్చే అవ్వ చీపురు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

తేమగారన్నది అసలు పేరు కాదు. రష్యన్ సాంకేతిక గ్రంథాలను ఇంగ్లీషులోకి మార్చే ఆఫీసు అది. ఒకాయనకు ఇనుము, ఇంకొకాయనకు బొగ్గు అప్పగించారు. ఈయన వంతుకు నీళ్ళూ తేమా వచ్చాయి. గోడలకు పట్టే చెమ్మ, గాదెల్లో ధాన్యానికి ఎక్కే తడి, పైపుల మీద పట్టే చెమట, దుంగల్లో దాగే నీరు, అన్నీ ఆయనవే. మిగతా ఇద్దరూ ఇనపాయనా బొగ్గాయనా అయినట్టే ఈయన తేమగారయ్యాడు. మనిషి మాత్రం ఎండుపుల్లలా ఉంటాడు. ఆ పేరు అంతగా అతుక్కుపోవడానికి అదీ ఒక కారణం.

వస్తువును కళ్ళతో చూడందే దాని మాట ఖాయం చెయ్యనని ఆయన పట్టు. గోడ చెమ్మ అయితే ఏ సందులోనైనా దొరుకుతుంది. కొమ్మలకు గరుకుగా పట్టే పొడిమంచును ఎక్కడని వెతుకుతాడు? మంచు కురిసే దేశం ఆయన చూసినవాడు కాదు. ఒక సెలవురోజు అక్కగారింట్లో ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి గోడకు పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకుతూ చాలాసేపు నిలబడ్డాడు. "మీ తమ్ముడు అందులో పెళ్ళికూతుర్ని వెతుక్కుంటున్నాడేమోనే" అన్నాడు బావ. తలుపు మూయబోతుంటే పాలగిన్నె మీది మూత చెమ్మగిల్లి కనిపించింది. దానికీ ఒక మాట ఉందని గుర్తొచ్చి తేమగారు మళ్ళీ తలుపు తీశాడు.

అక్కా బావా కింది వాటాలో ఉంటారు. తేమగారిది పైగది. భోజనం కింద, పడక పైన. కడుపులో చల్ల కదలకుండా సాగిపోయే ఆ బతుకులో ఈ ఉదయం అక్క చెయ్యి పెట్టి కలిపింది.

"ఒరేయ్, ఆవిడ వెళ్ళిపోయేది ఇవాళేనా?"

"ఎవరు?"

"ఎవరట! ఏడాదికో మాట మాట్లాడేవాడివి, మాట్లాడినప్పుడల్లా ఆవిడ మాటే మాట్లాడతావు. నాకు తెలీదనుకున్నావా? ఇవాళైనా నోరు తెరువు."

"ఏమని?"

"పెద్ద పెద్ద మాటలేం వద్దులే. 'మీరు వెళ్తే నాకు తోచదండీ' అను. అంతే. తర్వాత సంగతి ఆవిడే చూసుకుంటుంది."

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. తేమగారి నోట్లో బండరాయి వేసినా మెత్తగా నానిపోతుంది. అయినా దారి పొడుగునా ఆ వాక్యాన్ని అనుకుంటూ నడిచాడు. మీరు వెళ్తే నాకు తోచదండీ. ఎటు తిప్పి చూసినా అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు.

టైపిస్టు వచ్చింది. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతోంది. భర్త పోయి చాలాకాలమైంది. ఇక ఇక్కడ ఎవరున్నారని, తమ్ముడి ఊరికి వెళ్ళిపోతోంది. అద్దెగది నిన్ననే ఖాళీ చేసింది. సాయంత్రం బండికి టిక్కెట్టు ఉంది.

"ఒక్క పేజీయే మిగిలింది కదండీ?" అంది కుర్చీ లాక్కుంటూ.

"ఒక్కటే."

ఆ పేజీ నాలుగు రోజుల నుంచీ మిగిలే ఉంది. తేమగారే మిగిల్చాడు.

వాళ్ళ పని తీరు ఇది. తేమగారు రష్యన్ పుస్తకం ఎడంచేత పట్టుకుని, కిటికీకీ బీరువాకీ మధ్య నడుస్తూ ఇంగ్లీషులో పైకి చెప్పేవాడు. ఆమె టైపు కొట్టేది. కూర్చుని రాయడం ఆయనకు చేతకాదు, కాళ్ళు కదిలితేనే మాట కదులుతుంది. వాక్యం నలిగితే ఆమె వేళ్ళు ఆగిపోయేవి. ఆయన మామూలు మాటల్లో విడమరిచి చెప్పేవాడు. అది వింటుండగానే ఆమెకో, చెబుతుండగానే ఆయనకో సరైన ఇంగ్లీషు మాట తట్టేది. ఇన్నేళ్ళుగా ఆయన ఆమెతో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా ఆయన సొంతం కాదు.

స్పంజి సంగతి మొదలైందీ ఆ పనిలోనే. పలచటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి మూడు ప్రతులు తియ్యాలి. వేలు తడి చేసుకోకపోతే ఆ కాగితాలు విడిరావు. మొదట్లో ఆమె నాలుకతో తడుపుకునేది. కార్బను మసి అంటి నాలుక నీలంగా మారితే ఇనపాయన పడీపడీ నవ్వాడు. మర్నాడే ఆమె గాజుగిన్నె, స్పంజి కొనుక్కొచ్చింది. కొన్నదే గాని అందులో నీళ్ళు పొయ్యడం రోజూ మరిచిపోయేది. ఒకరోజు తేమగారు ముందుగా వచ్చి పోశాడు. ఆమె అలవాటుగా వేలు ఆనించి, తడి తగలగానే, ఎవరికీ కాకుండా తనలో తానే చిన్నగా నవ్వుకుంది. ఆ నవ్వు ఆయన బీరువా పక్క నుంచి చూశాడు. అంతే. మర్నాటి నుంచి ఆఫీసు తలుపు తెరిచేసరికి గుమ్మంలో ఉండేవాడు.

పుస్తకం కలపను ఆరబెట్టడం గురించినది. చివరి పేజీలో ఒక సంగతి ఉంది. చెక్కను ఎంత ఎండబెట్టినా, ఒక గదిలో చాలాకాలం ఉంచితే అది ఆ గది తేమకే అలవాటు పడిపోతుంది. ఆ వాక్యం దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి.

"అంటే, ఇక తీసుకోదు, ఇవ్వదు. అంతేనాండీ?"

"అంతే. గది మారిస్తే తప్ప."

"గది మారిస్తే?"

"మళ్ళీ మొదలు. కొన్ని వంకర పోతాయి. కొన్ని నెర్రెలిస్తాయి."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తేమగారు నడవడం ఆపాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదని ఆయనకూ తెలుసు. గొంతు సవరించుకుని, "మీరు..." అన్నాడు.

"చెప్పండి."

"మీరు... ఆ వాక్యం పూర్తి చేశారా?"

నీళ్ళు నమలడమంటే ఏమిటో ఆయనకు ఏ పుస్తకమూ నేర్పనక్కర్లేదు.

ఆమె చివరి పంక్తి కొట్టి కాగితాలు బయటికి లాగింది. లాగి, అలాగే చూస్తుండిపోయింది. కార్బన్లు తిరగబడ్డాయి. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు పై రెండు కాగితాల వెనక్కి ఎక్కాయి. కింది రెండు ప్రతుల ముందువైపు తెల్లగానే ఉంది. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు అది. ఆమె చేతిలో ఎన్నడూ జరగలేదు.

"ఇవాళే జరగాలా ఇది!" అంది. ఆ గొంతులో చిరాకు కంటే మరేదో ఎక్కువుంది. "మళ్ళీ చెబుతారా?"

ఆయన మళ్ళీ చెప్పాడు. ఒక పేజీ పొడుగున్న ఇంకో అవకాశం అయాచితంగా చేతికొచ్చింది. కిటికీకీ బీరువాకీ మధ్య నడుస్తూ, చెక్క గురించీ గది గురించీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. ఆమె ఈసారి ఎక్కడా ఆగలేదు. చూపుడువేలు స్పంజికి ఆనించి, మూడు ప్రతులూ విడదీసి, ఆయన ముందు పెట్టింది.

సాయంత్రం టీ, బిస్కెట్లు తెప్పించారు. ఆఫీసరు నాలుగు మాటలు చెప్పి గోడగడియారం బహూకరించాడు. ఇనపాయన నీలం నాలుక కథ చెబితే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తేమగారు బెల్లం కొట్టిన రాయిలా బీరువా పక్కనే నిలబడ్డాడు.

అందరూ తలో దిక్కూ సర్దుకున్నాక ఆమె అవ్వను లోపలికి పిలిచింది. గోడకు ఆనించిన తన గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీకే అవ్వా. ఇన్నేళ్ళూ ఒక్కరోజైనా నా స్పంజి ఎండనివ్వలేదు నువ్వు. ఎవరూ చెప్పకుండా రోజూ నీళ్ళు పోసిపెట్టావు. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు గాని, పొద్దున్నే వేలికి ఆ తడి తగిలితే, నా కోసం ఒకరున్నారులే అనిపించేది."

అవ్వ తెల్లబోయింది. "నేనా? నేనెప్పుడమ్మా..." అంటూ ఆమె భుజం మీదుగా చూసింది. తేమగారు వెనకనుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు.

అవ్వ నోరు మూసుకుంది.

ముసలిదాని చేతిలో గొడుగు చూసి ఆయన ఊరుకున్నాడని ఎవరైనా అనొచ్చు. పాపం, మంచివాడని కూడా అనొచ్చు. అది నిజం కాదు. గొడుగు లేకపోయినా ఊరుకునేవాడే. నా కోసం ఒకరున్నారులే అన్న మాట ఆయన గుండెకు సూటిగా తగిలింది. తగిలిన చోటు నుంచి కదలలేకపోయాడు.

ఆమె సంచీ భుజానికి వేసుకుని ఆయన దగ్గరికొచ్చింది. "వస్తానండీ. వేళకు తినండి. మీ అక్కగారిని అడిగానని చెప్పండి."

తేమగారి పెదవులు కదిలాయి. ఆమె ఆగింది. టైపు మిషను ముందు వాక్యం కోసం ఎలా ఆగేదో అలాగే, తల కొంచెం వంచి ఆగింది.

"బండి... వేళకు అందుకోండి" అన్నాడు.

"అలాగేనండీ" అంది ఆమె. మెట్లు దిగుతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

అవ్వ గొడుగును రెండు చేతులా పట్టుకుని వచ్చింది. "మీరు పోస్తుంటే నేను రోజూ చూస్తూనే ఉన్నా బాబూ. చెప్పొచ్చు కదా? ఇది నాకెందుకు, మీరు తీసుకోండి."

"నువ్వే ఉంచుకో అవ్వా. నీకే ఇచ్చింది."

"మరి అలా నిలబడిపోయారేం?"

"నాకు తోచట్లేదు అవ్వా" అన్నాడు తేమగారు.

పొద్దుట్నుంచీ మోసుకొచ్చిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చేసింది. "చీకటి పడుతోంది, ఇంటికెళ్ళండి. మీ అక్క ఎదురుచూస్తుంటుంది" అని, అవ్వ కిటికీ రెక్కలు మూయడానికి వెళ్ళింది.

టైపు మిషనుకు ముసుగు వేసి ఉంది. సొరుగు ఖాళీ చేసి వెళ్ళింది ఆమె, పెన్సిలు ముక్క కూడా వదల్లేదు. మిషనుకు కుడిపక్కన గాజుగిన్నె మాత్రం అలాగే ఉంది. స్పంజి మధ్యలో ఇన్నేళ్ళ చూపుడువేలు చేసిన గుంట ఉంది, అందులో ఇంకా ఒక చుక్క నీళ్ళున్నాయి.