బెలూన్ ఎంత వేగంతో లేచింది

"ఈ లెక్కలో కింద కోసైన్ స్క్వేర్ ఎందుకొచ్చింది? చెప్పు చూద్దాం, గుర్తుందో లేదో!"

నేను కూరకి మొలోకియా ఆకు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన షౌకీ అడిగాడు. చేతులు కడుక్కోకుండానే చెప్పాను. అతను తలూపి జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. పరీక్ష పెట్టేవాడు జవాబు రాసుకుంటాడా? నా అనుమానం అక్కడ మొదలైంది.

ఈజిప్టులో మా ఊరు టాంటా. ఇక్కడ సెకండరీ ఆఖరి సంవత్సరం పిల్లలకి షౌకీ అంటే గొప్ప గురి. ట్యూషన్లు మా ముందుగదిలోనే. ఇద్దరం ఒకే కాలేజీలో లెక్కలు చదివాం. పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మాట ఎత్తితే, "ఇంట్లో ఇద్దరు లెక్కల టీచర్లుంటే ద్రాక్షాకుల్లో అన్నం ఎవరు చుడతారు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి పదకొండేళ్ళు. అప్పట్నుంచి అతని నోట్సు టైపు చేస్తున్నాను, జవాబులు 'సరిచూస్తున్నాను'. ఈమధ్య జవాబుల చోటు ఖాళీగానే వస్తోంది. మరి నేను సరిచూస్తున్నది దేన్ని?

పాఠం నడుస్తుండగా తలుపు దగ్గర ఆగితే అత్తగారు ఇన్షిరాహ్ పసిగట్టేసింది.

"ఏమే, ఆడపిల్లల్ని కాపలా కాస్తున్నావా? నా కొడుకు బంగారం!"

"బంగారమే అత్తయ్యా. పాఠం వింటున్నా."

"నీకెందుకే పాఠం? అక్కడ ఉల్లిపాయలు మాడుతున్నాయి."

ఆ వారం లెక్క ఇది. బెలూన్ నేల మీంచి నిటారుగా లేస్తోంది. నలభై మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి చూపు కోణం సెకనుకి మూడు డిగ్రీల చొప్పున పెరుగుతోంది. ఆ కోణం నలభై అయిదు డిగ్రీలైన క్షణంలో బెలూన్ వేగమెంత? ముందు డిగ్రీలని రేడియన్లలోకి మార్చుకోవాలి. అది మొదటిరోజు పాఠం. నేను కావాలనే మార్చలేదు. నలభై ఇంటూ రెండు ఇంటూ మూడు, సెకనుకి రెండువందల నలభై మీటర్లు అని రాసిచ్చాను. పట్టుకుంటాడేమోనని అతని మొహం చూశాను. పట్టుకుంటే బావుండునని కూడా అనుకున్నాను.

"ఫర్లేదే, మర్చిపోలేదు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ముందుగదిలోంచి షురూక్ అనే పిల్ల గొంతు వినిపించింది. "ఉస్తాద్, సెకనుకి రెండువందల నలభై మీటర్లా? అది బెలూనా, రాకెట్టా?"

పిల్లలు ఘొల్లుమన్నారు.

"అచ్చుతప్పు," అన్నాడు షౌకీ. "మా ఆవిడ టైపు చేసింది. ఆవిడకి సైన్ ఏదో కోసైన్ ఏదో ఏం తెలుసు, పాపం!"

మిగతావన్నీ ఓర్చుకునేదాన్నేమో. ఆ 'పాపం' ఓర్చుకోలేకపోయాను. తలుపు తోసుకుని వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డాను.

"అచ్చుతప్పు కాదు. తప్పు నేనే చేశాను, కావాలని చేశాను. మూడు డిగ్రీలంటే 'పై' బై అరవై రేడియన్లు. ఇప్పుడు చెయ్యండి."

షురూక్ అందరికంటే ముందు తలెత్తింది. "నాలుగు మీటర్ల పైచిల్లర, మేడమ్."

"ఇప్పుడది బెలూన్," అన్నాను. పిల్లలు నన్ను చూశారు, తర్వాత అతన్ని చూశారు.

"పిల్లల ముందు నన్ను చిన్నబుచ్చావు," అన్నాడు సాయంత్రం. "మగాడి పరువు తీశావే," అని అత్తగారు గొణిగింది.

మర్నాడు మధ్యాహ్నం అతను మళ్ళీ కాగితంతో వచ్చాడు. ఈసారి 'చెప్పు చూద్దాం' అనలేదు.

"ఇబ్తిహాల్, ఇదొక్కటి చేసిపెట్టవా? నాలుగింటికి పిల్లలొస్తారు."

"తెలుసు," అన్నాను. "నాలుగింటికి నేనే చెప్తాను. నువ్వూ వచ్చి కూర్చో."