ఇంటి మనిషి కూలి

కుట్టు మిషను కింద చతికిలబడి తమ్ముడు బోల్టులు విప్పుతున్నాడు. దుకాణం షట్టరు సగం దించి ఉంది. కొనేవాడు బయట బండిలో కూర్చుని అప్పుడప్పుడూ హారను కొడుతున్నాడు.

అక్క వంగి లోపలికి వచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలో ఆయా డ్యూటీ, పొద్దున్నే లాయరు ఆఫీసు. మోకాలు సలుపుతోంది. ఆ సలుపు తప్ప ఆమెకు ఇంకేమీ తెలియడం లేదు. నాన్న పోయి నెలలు గడిచినా ఏడుపు రాలేదు. వచ్చినా, ఏడవడానికి సెలవు దొరకాలిగా.

"అది ఆపరా."

"ఆపడమేంటక్కా? అడ్వాన్సు తీసుకున్నా, సగం ఖర్చయిపోయింది కూడా. ఆ ప్రొబేటేదో వచ్చేసిందన్నావుగా. ఇంకేముంది, పంచేసుకోవడమే."

వాళ్ల నాన్న టైలరు, అందరూ మాస్టరనే పిలిచేవారు. ఉన్న రెండు మిషన్లూ పిల్లలిద్దరికీ సమానమని వీలునామా రాసి, దాన్ని అమలు చేసే బాధ్యత కూతురి మీద పెట్టి పోయాడు. ప్రేమ కొద్దీ అనుకునేరు. కొడుకు చేతిలో పడితే వారం కూడా నిలవవని తెలుసు, అందుకు. ఆ వీలునామా నిజమే, నువ్వే అమలు చెయ్యి అని కోర్టు ఇచ్చిన కాగితమే ప్రొబేటు. అది చేతికిస్తూ లాయరు నాలుగు ముక్కలు చెప్పాడు.

"కూతురివన్న సంగతి కాస్త పక్కన పెట్టమ్మా. ముందు ఆయన బాకీలు, పనివాళ్ల జీతాలు. అవి తీరాక ఏమన్నా మిగిలితే మీ వాటాలు. తెలిసి కూడా ముందే పంచేశావో, ఆ లోటు నీ జేబులోంచి కట్టాల్సొస్తుంది."

"పనివాళ్లెవరూ లేరండీ" అనేసి మెట్లు దిగింది అక్క. చివరి మెట్టు మీద కాళ్లు ఆగిపోయాయి.

ఇప్పుడు దుకాణం మూల పీట మీద పిన్ని ఎప్పటిలాగే చొక్కాలకు కాజాలు కుడుతోంది. మాస్టరు పోయినా ఒప్పుకున్న బట్టలు ఆగవు. అవి ఆయన సొత్తు కాదు, ఎవరివి వాళ్లకు చేరాలి. కళ్లజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ఆమె చుట్టమేమీ కాదు. అక్క గౌన్లు వేసుకునే రోజుల్లో పనికి కుదిరింది. మొదట్లో నెలనెలా జీతం అడిగి తీసుకునేది. పిల్లలు పిన్నీ అని పిలవడం అలవాటయ్యాక అడగడానికి మొహమాటపడింది. గిరాకీ తగ్గాక మాస్టరు, "ఇంటి మనిషివి, మనలో మనకి జీతాలేంటి, చేతిలో డబ్బు ఆడినప్పుడు చూద్దాం" అన్నాడు. రెండేళ్లు చూస్తూనే పోయాడు. పరాయిదైతే పీకల మీద కూర్చుని వసూలు చేసుకునేది. వరస కలిపి నోరు నొక్కేశారు.

"పిన్నీ, నీ జీతం నెలకెంత?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ? మూడు వేలు."

ముందు జీతాలు తీరాలన్న లాయరు మాట తమ్ముడికి చెప్పింది. రెండేళ్ల జీతం. మిషన్లు రెండూ అమ్మినా చాలదు. లెక్కల్లో ఎంత మొద్దయినా తమ్ముడికి ఆ సంగతి వెంటనే అర్థమైంది. చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"నీకేమన్నా పిచ్చా? పిన్ని మన మనిషి. మనవాళ్లకి కూలేంటి?"

"మన మనిషైతే వీలునామాలో పేరేదిరా?"

వాడు మాట మార్చాడు. "నా వాటా గంగలో కలిస్తే కలిసింది. మరి నీ మోకాలి ఆపరేషనో?" అన్నాడు.

ఆపరేషనుకు డబ్బు వస్తుందని డాక్టరుకు కూడా చెప్పి ఉంచింది. ఆ ఆశ పోతుంటే గుండె కలుక్కుమనాలి. అనలేదు. వార్డులో దుప్పటి మడిచి పెట్టినట్టు ఆ ఆశను పక్కన పెట్టేసింది.

పిన్ని మాత్రం ఉడికిపోయింది. "కూలిదాన్నని కోర్టులో చెప్తావుటే? జ్వరమొస్తే నా ఒళ్లోనే పడుకునేదానివి. ఇన్నాళ్లూ పిన్నీ పిన్నీ అని, ఇవాళ పనిమనిషిని చేస్తావా? నాకక్కర్లేదు ఆ డబ్బు."

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. "విన్నావుగా! ఆవిడే వద్దంటోంది." మళ్లీ స్పానరు అందుకున్నాడు.

పిన్ని వద్దంటే పని సులువే. ఇంటి మనిషి వదులుకుంది అంటే లాయరూ నోరు మూసుకుంటాడు. మోకాలు బాగవుతుంది. రేపట్నుంచి ఈ ముసలామె ఏం తింటుందని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అక్క కుంటుకుంటూ వెళ్లి మిషను పలక మీద కూర్చుంది. ఆ బరువుకు తమ్ముడి చేతిలో బోల్టు బిగుసుకుపోయింది.

"లేవక్కా."

"లేవను."

పిన్ని వైపు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎన్నడూ అలా పిలిచి ఎరగదు.

"మీరు ఇక్కడ పని చేశారండీ. మీ జీతం లెక్క తేలేదాకా ఈ మిషను కదలదు."

చెంపదెబ్బ తిన్నట్టు చూసింది పిన్ని. సూది సగం కుట్టిన కాజాలోనే ఆగిపోయింది.

బయట హారను మోగుతూనే ఉంది.