ఎడమ చేతి బొటనవేలు

పెనాల్టీ కొట్టే ముందు లియో ఏం చేస్తాడో లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు లియో కాదు, మరియదాసు.

మరియదాసు సినిమాల్లో ఫోకస్ పుల్లర్. నటుడు ఇప్పుడు ముందుకు కదులుతాడా, వెనక్కి వాలుతాడా అన్నది అతని భుజాన్ని బట్టి, మెడను బట్టి ముందే పసిగట్టి, తెర మీద బొమ్మ మసకబారకుండా చూడటం అతని పని. ఇరవై రెండేళ్లు అదే పని చేసిన కళ్లు ఆదివారం వచ్చిందని ఊరుకుంటాయా? గ్రౌండులో కూడా అవే కళ్లు. లియో ఎడమ చేతి బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుందంటే బంతి అతని ఎడమకి పోతుంది. వేలు బయట ఉందంటే కుడికి పోతుంది. పదకొండేళ్లలో ఒక్కసారి తప్పలేదు. గోల్‌కీపర్లందరూ పాపం కాళ్లు చూసేవారు, బంతిని చూసేవారు. చేతిని చూడాలని ఎవరికి తడుతుంది?

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. భార్య తెరెసాకు చెప్పలేదు. అభిమాన సంఘంలో తన తర్వాతివాడైన కాస్ట్యూమర్ చలపతిరావుకు చెప్పలేదు. చివరికి లియోకే చెప్పలేదు. చెబితే ఆ వేలు సిగ్గుపడి మానేస్తుందేమోనని భయం. మ్యాచులన్నీ తన చిన్న కెమెరాతో తీసేవాడు. పెనాల్టీ వచ్చిందంటే ముందు ఆ చేతి మీదికి దించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బంతి మీదికి వెళ్లేవాడు. చూసినవాళ్లు ఇదేం తీయడం అని నవ్వితే నవ్వనీ. ఆ క్షణం మాత్రం అతనొక్కడిది.

లియో పెద్ద జట్లకు ఆడినవాడేం కాదు. యూసుఫ్‌గూడలో అద్దెకుండే లైట్‌మన్. సినిమా కార్మికుల యూనియన్లు ఏటా ఆడుకునే కప్పును లైట్‌మెన్ జట్టుకు అయిదుసార్లు తెచ్చిపెట్టాడు. పగలంతా హీరోల ముఖాల మీద లైట్లు వేసి అలసిపోయే మనుషులకు తమలోంచి ఒక హీరో దొరికితే వదులుతారా? ఫ్లెక్సీలు కట్టారు, డప్పులు కొట్టించారు, అతను గ్రౌండులోకి రాగానే చించిన కాగితాలు ఎగరేశారు. ఆ సంఘానికి మరియదాసు అధ్యక్షుడు. ఫ్లెక్సీలో లియో బొమ్మకు ఆనుకుని మొదటి గుండ్రంలో ఉండేది అతని ఫొటోనే. కెమెరావాడివి, లైట్‌మెన్ జట్టుతో నీకేం పని అని సొంత యూనియన్ వాళ్లు ఎన్నిసార్లు దెప్పినా లెక్కచేయలేదు.

కిందటేడు లియో మోకాలు చెడింది. డాక్టరు ఇక పరుగు వద్దన్నాడు. జట్టు పెద్దలు కూర్చుని అతన్ని మేనేజరుగా పెట్టుకున్నారు. అదిగో, అక్కడ మొదలైంది అభిమానుల తలనొప్పి.

గెలిస్తే మా లియో అనేవారు, ఓడితే ఆ మేనేజరు అనేవారు. గ్రౌండులో రెఫరీ మీదికి ఉరికేవాడు, గోలు కొట్టి చొక్కా విప్పి ఎగరేసేవాడు ఇప్పుడు గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటుంటే కొందరికి కడుపు తరుక్కుపోయేది. కొందరికి ఒళ్లు మండేది. హీరోగా హిట్లిచ్చినవాడు డైరెక్షన్ జోలికి పోతే ఇంతే అని చలపతిరావు తీర్పు చెప్పేవాడు. రెండు మ్యాచులు గెలిచాక, నేనప్పుడే చెప్పానుగా, బుర్రున్న మనిషి అని ప్లేటు తిప్పేశాడు. పేరు పెట్టి ఎంత అరిచినా లియో జనంవైపు తలతిప్పేవాడు కాదు. ఒక్క పది నిమిషాలు దిగవయ్యా అని బతిమాలినవాళ్లు కూడా ఉన్నారు.

మరియదాసు బాధ వీళ్లెవరి బాధా కాదు. లియో ఆడుతున్నంత కాలం అతన్ని తనంతగా చూసినవాడు లేడు. ఇప్పుడు లియోయే చూసేవాడయ్యాడు, చూస్తున్నది నాగసాయిని. షేక్‌పేటలో పుట్టి పెరిగిన ఇరవై నాలుగేళ్ల లైట్‌మన్ అతను. మాట తక్కువ, కాలు చురుకు. లియో అతని భుజం మీద చెయ్యి వేసి గ్రౌండంతా తిప్పేవాడు, వంగి బూటు లేసు సరిచేసేవాడు. ఇన్నేళ్లలో లియో మరియదాసు భుజం మీద చెయ్యి వేసింది ఫొటో కోసం, అదీ రెండుసార్లు.

లియో ఆట మానేసిన రోజు మరియదాసు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. పదకొండేళ్ల పెనాల్టీలన్నీ ఏరి వరసగా కూర్చాడందులో. ఆ పనికి రెండు నెలలు పట్టింది. లియో జేబులో వేసుకుని, చూస్తాలే అన్నా, అన్నాడు. అంతే. చూశాడో లేదో మళ్లీ మాట లేదు. ఆ మౌనం మరియదాసును ఏడాదిగా నంజుకు తింటోంది.

ఫైనల్‌కు వారం ముందు కొత్త ఫ్లెక్సీ లేచింది. నడిమధ్య నాగసాయి, బంతి తన్నుతూ. లియో పైన ఒక మూల, చేతులు కట్టుకుని. మరియదాసు వెతుక్కోగా వెతుక్కోగా ఆఖరి వరసలో టీ కొట్టు ప్రకటన పక్కన కనిపించాడు. డిజైనులో సర్దుబాటు దాసన్నా, ఏమీ అనుకోకండి, అన్నాడు చలపతిరావు. ఏమీ అనుకోలేదంటూనే మరియదాసు ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

తెరెసా ఆ కంచం చూసింది. ఆవిడ యూసుఫ్‌గూడలో బ్లౌజులు కుడుతుంది, మాట కూడా కుట్టు వేసినట్టే సూటిగా దింపుతుంది.

"అతను ఆట మానేసి బానే ఉన్నాడు. మానలేనిది నువ్వే."

మరియదాసు కంచం అవతలికి జరిపాడు. నిజం చెప్పినవాళ్ల మీద కోపం రావడం అతనికి కొత్త కాదు.

మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసుకు వెళ్లాడు. ఎందుకు వెళ్లాడంటే తప్పులు పట్టడానికి. నాగసాయి పెనాల్టీలు కొడుతున్నాడు. మరియదాసు కళ్లు అలవాటు కొద్దీ ఎడమ చేతి మీదికి వెళ్లాయి. వెళ్లి అక్కడే ఆగిపోయాయి. నాగసాయి బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి ముడుచుకుంది. బంతి ఎడమ మూలకు పోయింది. రెండోసారి వేలు బయటే ఉంది. బంతి కుడికి. మూడోసారి, నాలుగోసారి, అదే వరస.

 మరియదాసుకు, తన పెట్టెలో దాచుకున్న నగ ఇంకొకరి ఒంటి మీద కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. లియో ఇంత దగ్గరికి తీశాడన్నమాట. తనకే తెలియని ఆ వేలిని కూడా ఇచ్చేశాడన్నమాట. పదకొండేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది తను. అనుభవించేది ఎవడో షేక్‌పేట కుర్రాడు. అసూయ అనే మాట అతనికి తెలుసు. చర్చిలో ప్రతి ఏడూ దాని మీద ప్రసంగం విన్నాడు కూడా. అది తన పేరు పెట్టి పిలుస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఫిలింనగర్ పక్కనే వేసిన సెట్లో ఫైట్ సీను. తాళ్లకు వేలాడి దిగిన ఫైటర్లలో సిద్ధార్థ ఉన్నాడు. ఫైనల్‌కు వచ్చిన రెండో జట్టు ఫైటర్లదే, దాని గోల్‌కీపర్ అతనే. భోజనాల బ్రేకులో పళ్లెం పట్టుకుని మరియదాసు పక్కనే కూర్చున్నాడు. మీ నాగసాయిని ఆపడం ఎలాగో అర్థం కావట్లేదు దాసన్నా, అన్నాడు నవ్వుతూ. మాట వరసకే అన్నాడు.

మరియదాసు పప్పన్నం కలుపుతూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఎడమ చెయ్యి చూడు. బొటనవేలు లోపలికి పోతే నీ కుడికి దూకు. బయటుంటే నీ ఎడమకి."

సిద్ధార్థ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. నిజమా అని అడగలేదు. మరియదాసు చూపు తప్పదని కెమెరా ముందు నిలబడ్డ ఎవడికైనా తెలుసు.

చెప్పేశాక మరియదాసు తనకు తాను చాలా సర్దిచెప్పుకున్నాడు. ఇది ద్రోహం కాదు, లియో మీద ప్రేమ. కుర్రాడు ఒక్కసారి తప్పితే, లియో లాంటివాడు మళ్లీ పుట్టడని అందరికీ తెలిసొస్తుంది. ఫ్లెక్సీ మధ్యలోకి లియో తిరిగొస్తాడు, పక్క గుండ్రంలోకి తను. ఇలా ఫైనల్ దాకా లాగించాడు.

ఫైనల్ జూబ్లీహిల్స్ గుట్ట మీద ఒక స్కూలు గ్రౌండులో. ఆదివారం సాయంత్రం నాలుగింటికే జనం నిండారు. ఒకవైపు బండరాళ్ల మీద ఫైటర్ల మనుషులు, ఇంకోవైపు డప్పులతో లైట్‌మెన్ అభిమానులు. మరియదాసు కెమెరా తెచ్చాడు గానీ సంచిలోంచి తీయలేదు. ఆట ఒకటి ఒకటితో సమానంగా నడిచింది. ఇంకో రెండు నిమిషాలుందనగా నాగసాయిని గోలు ముందు పడగొట్టారు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. డప్పులు ఆగిపోయాయి.

నాగసాయి బంతి పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. సిద్ధార్థ కళ్లు బంతి మీద లేవు. మరియదాసు కళ్లూ లేవు. గ్రౌండు మొత్తంలో ఇద్దరే ఇద్దరు ఆ చేతిని చూస్తున్నారు. వేలు తప్పుగా ముడుచుకోరా, ఒక్కసారి తప్పుగా ముడుచుకో అని మరియదాసు లోపల ఎవరో అరిచారు. ఆ గొంతు తనదేనని పోల్చుకునేలోపు వేలు పిడికిట్లోకి పోయింది. సిద్ధార్థ కుడికి దూకి బంతిని రొమ్ముకు హత్తుకున్నాడు. లేస్తూనే దూరంగా తన్నాడు. గోలు పండగ చేసుకుందామని తమ గోల్‌కీపర్‌తో సహా లైట్‌మెన్ అందరూ ఈవైపే వచ్చి ఉన్నారు. అవతల ఖాళీ గోలులోకి బంతి తీరిగ్గా దొర్లుకుంటూ పోయింది.

విజిలు పడ్డాక మరియదాసు ఎదురు చూసింది జరగలేదు. లియో ఉంటేనా అని ఎవరూ అనలేదు. మొదటి కేక చలపతిరావే వేశాడు, మేనేజరు పనికిరాడని. ఆ మాట వరసవరసా పాకింది. పదకొండేళ్లు లియో పేరు పలికిన గొంతులే దిగిపో దిగిపో అన్నాయి. అతని కోసం చించి తెచ్చిన కాగితాలు ఉండలు చుట్టి అతని మీదే విసిరారు. లియో కుర్చీలోంచి లేవలేదు.  మరియదాసు కొట్టాలనుకున్నది ఒకణ్ణి, దెబ్బ పడింది ఇంకొకడికి.

జనం పలచబడ్డాక నాగసాయి నేరుగా అతని దగ్గరికే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవలేదు.

"అన్నా, ఏడ తప్పింది? నువ్వు చూస్తే చెప్తవు. నీకు తప్ప ఎవ్వరికి తెల్వది."

నాకేం తెలుసు, మీ సార్‌ని అడుగు, అన్నాడు మరియదాసు. నాగసాయి తల అడ్డంగా ఊపాడు.

"సారే నిన్ను అడగమన్నడు. ఆడుడు నాకొచ్చు గని చెప్పుడు రాదు, నా ఆట నాకంటె మరియదాసన్నకే ఎక్కువ తెలుసు, ఆయన దగ్గర నేర్చుకో అని మొదటి రోజే నీ పెన్‌డ్రైవ్ నాకిచ్చిండు. దినాం పొద్దుగాల అదే చూస్త అన్నా. బంతి కంటె ముందు నువ్వు సార్ చెయ్యి చూపిస్తవు గద, ప్రతిసారి. కిటుకు గాడ్నే ఉందని నాకు సమజైంది. వేలు ముడుచుడు గూడ గట్లనే నేర్చుకున్న. సార్‌ని అడిగితె గట్ల చేస్తనని ఆయనకే ఎరుక లేదు."

మరియదాసు చెయ్యి సంచిలోని కెమెరా మీదికి పోయింది. లియో ఇవ్వలేదు. ఆ వేలిని ఈ కుర్రాడికిచ్చింది తనే. ఒక్క క్షణం ఆగి, వెలుతురు చూసుకుని, బొమ్మ మసకబారకుండా మరీ చేతికిచ్చాడు. ఇన్నేళ్లు ఎవరూ చూడలేదనుకున్నదాన్ని చూసినవాడు ఒకడు దొరికాడు. దొరికినవాణ్ణి పప్పన్నం కలుపుతూ అమ్మేశాడు.

మరియదాసు నాగసాయి ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. పిడికిలి ఇంకా బిగిసే ఉంది. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, లోపల ముడుచుకున్న బొటనవేలిని బయటికి తీశాడు.

"తప్పు నీది కాదు. ఇది చూసి దూకమని సిద్ధార్థకు నేనే చెప్పాను."

 తిడితే బాగుండునని మరియదాసు ఎదురు చూశాడు. నాగసాయి తిట్టలేదు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సార్‌కి చెప్పు. నేనైతే చెప్ప," అని బూట్లు చేత్తో పట్టుకుని గేటువైపు వెళ్లిపోయాడు.

గ్రౌండుకు అవతలి చివర లియో ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే ఉన్నాడు. చుట్టూ కాగితపు ఉండలు. మరియదాసుకు ఆ గ్రౌండు ఎప్పుడూ అంత పొడుగనిపించలేదు. దగ్గరికి వెళ్లి, లియో, నీకొక మాట చెప్పాలి అన్నాడు. లియో పక్క కుర్చీ మీది కాగితాలు దులిపి దగ్గరికి లాగాడు.

"కూర్చో అన్నా. నాకోసం నువ్వైనా వస్తావనుకున్నాను."

మరియదాసు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, వేలి దగ్గర మొదలుపెట్టి సిద్ధార్థ పళ్లెం దాకా, ఒక్క మాట దాచకుండా.  అంతా విన్నాక లియో తన ఎడమ చేతివైపు కొత్తగా చూసుకున్నాడు, ఇన్నేళ్లు అది ఎవరిదో అన్నట్టు. చూస్తుండగానే బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి ముడుచుకుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మరియదాసుకు మొదటిసారి తెలియలేదు.